గెడ్డ పక్క తుప్పలో మట్టిరంగు పిట్ట

పిట్టల గురించి రాయమంటే అందరూ నెమలి, పాలపిట్ట, కొండ గోరింక అని రాస్తారు. అవి అందమైనవే, కాదనను. నేను మాత్రం ఎవరూ లెక్కచెయ్యని ఒక పిట్టను గురించి రాస్తాను.

దాని పేరు అబ్బాట్ బాబ్లర్. పిచ్చుక కంటే కొంచెం పెద్దది. వీపు మట్టిరంగు, తోక పొట్టి, తోక కింద ఇటుక రంగు. గెడ్డల పక్కన ఎండ తగలని తుప్పల్లో, నేలకు దగ్గరగా జంటగా తిరుగుతూ పురుగులు ఏరుకుంటుంది.

ఇందులో విశేషం ఏమిటంటారా? ఈ జాతి పిట్టలు ముఖ్యంగా ఉండేది తూర్పు హిమాలయాల దిగువ అడవుల్లో, అస్సాంలో, అక్కణ్ణించి మయన్మార్, మలేషియా దాకా. అంత దూరపు పిట్ట మన అనంతగిరి వైపు కొండల్లోనూ ఉంది! విశాఖపట్నానికి చెందిన కె.ఎస్.ఆర్. కృష్ణరాజు గారు ఈ కొండలు తిరిగి పిట్టలను పరిశీలించారు. అమెరికా శాస్త్రజ్ఞులు రిప్లీ, బీలర్ ఆయనతో కలిసి పనిచేశారు. మన పిట్ట ఉత్తరాది పిట్ట కంటే కొంచెం వేరుగా ఉందని 1985లో దాన్ని ఉపజాతిగా ప్రకటించి, 'కృష్ణరాజుయి' అని శాస్త్రీయ నామం పెట్టారు. ఒకప్పుడు తడి అడవి ఈశాన్యం నుండి ఇక్కడిదాకా ఉండేదనీ, మధ్యలో అది పోయాక పిట్ట ఇక్కడ మిగిలిపోయిందనీ ఒక ఊహ.

మన అడవికోడి సంగతీ చూడండి. ఇక్కడ తిరిగేది ఎర్ర అడవికోడి, ఊళ్ళో కోళ్ళకు ముత్తాత. గోదావరి దాటి దక్షిణానికి పోతే బూడిదరంగు అడవికోడి ఉంటుంది.

ఇక బాబ్లర్‌ని ఎలా చూడాలి? కళ్ళతో వెతికితే దొరకదు, చెవులతో వెతకాలి. తెల్లారగట్ల గెడ్డ వారన కదలకుండా కూర్చోండి. తుప్పలోంచి మూడు నాలుగు ఈలలు వరసగా వస్తాయి. జంట పిట్ట వెంటనే బదులిస్తుంది. అప్పుడు దగ్గు వచ్చిందా, ఆ రోజుకి అయిపోయినట్టే! నేను మూడు ఆదివారాలు కూర్చున్నాను. విన్నది రెండుసార్లు, చూసింది ఒక్కసారి. ఉండేలు పట్టుకెళ్ళేవాళ్ళకు ఆ ఒక్కసారీ ఉండదు.

పెద్ద చెట్లుంటే అడవి ఉన్నట్టే అనుకుంటాం. కొండ గోరింకకు చెట్టు తొర్ర చాలు గాని, ఈ పిట్టకు తుప్పే ఇల్లు. కాఫీ తోటకు నేల బాగుచేసినప్పుడు, వంటచెరకుకు పోయినప్పుడు ముందు కొట్టేది ఆ తుప్పలనే. మా అయ్యతో ఈ మాట అంటే "తుప్ప ఉంటే పాము ఉంటాది గదరా" అన్నాడు. అదీ నిజమే. చాలాసేపు మాట్లాడాక, గెడ్డ వారన పది అడుగులు కొట్టకుండా వదలడానికి ఒప్పుకున్నాడు. ఈ ఏడాదికి మాత్రమేనట.

ఈ పిట్టకు తెలుగు పేరు నాకు దొరకలేదు. కువిలో గాని, ఆదివాసీ ఒడియాలో గాని మీ ఇళ్ళల్లో ఏమంటారో దసరా సెలవుల్లో ముసలివాళ్ళను అడగండి. బొమ్మ చూపించడం కంటే ఈల వేసి వినిపించడం మేలు. పేరు, ఊరు, ఏ గెడ్డ దగ్గర విన్నారో చీటీ మీద రాసి నాకివ్వండి. వచ్చే పత్రికలో వేస్తాను.