నెమరు వెనుక లెక్క

నంద్యాల సీమకు నంది పేరే ఆభరణం. పట్టణం చుట్టూ నవనందుల క్షేత్రాలు వెలిశాయి. దాపుననే ఉన్న ఆళ్లగడ్డలో శిల్పులు నేటికీ రాతిలో నందిని మలుస్తున్నారు. మెడలో గంటలపేరు, మడిచిన కాళ్లు, అరమోడ్పు కన్నులు - మేత ముగించి నెమరు వేసే ఎద్దు భంగిమ అది. రాతినంది నెమరు వేయదు. ఆ వీధి వెనుక కొట్టంలో పడుకొన్న పాడి ఎనుము వేస్తుంది. దాని నోటి వెంట కంటికి కనబడని వాయువొకటి నిరంతరం వెలువడుతూ ఉంటుంది. అదే మీథేన్. ఒక పశువు రోజుకు ఎంత మీథేన్ విడుస్తుందో కొలవకుండానే ముందుగా చెప్పవచ్చునా?

పశువు కడుపులో నాలుగు అరలుంటాయి. వాటిలో పెద్దదానిని రూమెన్ అంటారు. గడ్డిలోని పీచును జీర్ణం చేసుకొనే శక్తి పశువుకు స్వతస్సిద్ధంగా లేదు. రూమెన్‌లోని అసంఖ్యాక సూక్ష్మజీవులు ఆ పీచును పులియబెట్టి ఆమ్లాలుగా మారుస్తాయి. పశువు బలానికీ, పాలకూ ఆ ఆమ్లాలే మూలం. ఈ పులియడంలో హైడ్రోజన్ కూడా పుడుతుంది. అది పేరుకొంటే పని కుంటుపడుతుంది. ఆర్కియా అనే మరొక తెగ జీవులు దానిని కార్బన్ డయాక్సైడ్‌తో కలిపి మీథేన్‌గా మారుస్తాయి. దానిలో అత్యధిక భాగం త్రేనుపులతో నోటి నుండే పోతుంది. వెనుక నుండి పోతుందని లోకులు చేసే పరిహాసంలో నిజం స్వల్పం.

ఈ వాయువును సరిగా కొలవాలంటే పశువును గాలి చొరని గదిలో నిలిపి, లోపలికి వెళ్లే గాలినీ వెలుపలికి వచ్చే గాలినీ పరీక్షించాలి. ఊరూరా అది సాధ్యమా? అందుకే శాస్త్రజ్ఞులు సమీకరణాలను ఆశ్రయించారు. 1930లో అమెరికాలో క్రిస్ అనే శాస్త్రవేత్త పశువు తిన్న మేత ఎండు బరువును బట్టి మీథేన్‌ను అంచనా కట్టాడు. 1965లో బ్లాక్స్‌టర్, క్లాపర్టన్ మేత పరిమాణంతో పాటు అది ఎంత బాగా అరుగుతుందో కూడా లెక్కలోకి తెచ్చారు.

వాతావరణ మార్పులపై అంతర్ ప్రభుత్వ సంఘం 2006లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం ఒక లెక్క చేసి చూద్దాం. మన ఎనుము రోజుకు 10 కిలోల ఎండు పదార్థం తింటుందనుకొందాం. కిలోకు 18.45 మెగాజౌళ్ల చొప్పున మొత్తం శక్తి 184.5 మెగాజౌళ్లు. అందులో 6.5 శాతం, అంటే సుమారు 12 మెగాజౌళ్లు, మీథేన్ రూపంలో పోతుంది. కిలో మీథేన్‌లో 55.65 మెగాజౌళ్ల శక్తి ఉంటుంది గనుక రోజుకు వెలువడేది సుమారు 215 గ్రాములు. ఆ 12 మెగాజౌళ్లు రెండున్నర, మూడు లీటర్ల ఎనుము పాలలోని శక్తికి సమానం. మీథేన్ ఆగితే అన్ని పాలూ అదనంగా వస్తాయని కాదు గాని, రైతు కొని తెచ్చిన మేతలో కొంత గాలిలో కలుస్తున్నదన్న మాట మాత్రం నిజం.

రోజుకు 215 గ్రాములంటే ఏడాదికి సుమారు 78 కిలోలు. అవే మార్గదర్శకాలు గేదెకు చూపిన సగటు 55 కిలోలే. రెండింటిలో ఏది తప్పు? ఏదీ కాదు. ఆ సగటు 300 కిలోల బరువుగల పశువుకు చెప్పినది. మనం తీసుకొన్న మేత దాదాపు 400 కిలోల పాడి పశువు తినేది. సగటును తెచ్చి ఒక కొట్టానికి అంటగడితే వచ్చే చిక్కు ఇది.

ఇంకొక చిక్కు పాల లెక్కలో ఉంది. ఆ పట్టికలో భారత ఉపఖండపు పాడి ఆవుకు ఏడాదికి 58 కిలోల మీథేన్, 900 కిలోల పాలు. ఉత్తర అమెరికా ఆవుకు 128 కిలోల మీథేన్, 8,400 కిలోల పాలు. తలకు చూస్తే మన ఆవు విడిచేది సగం కన్నా తక్కువ. కిలో పాలకు చూస్తే మనది 64 గ్రాములు, వారిది 15. ఎవరు ఏ కొలతతో మాట్లాడుతున్నారో గమనించకపోతే నేరం ఎటైనా మోపవచ్చు. మన పశువు ఎక్కువగా తినేది మనిషి తినలేని చొప్ప, గడ్డి. ఈ సంగతి పై రెండు కొలతలలోనూ కనబడదు. 2030 నాటికి మీథేన్‌ను 30 శాతం తగ్గించాలని 2021లో గ్లాస్గో సదస్సులో అనేక దేశాలు చేసిన ప్రతిజ్ఞలో మన దేశం చేరలేదు. ఒకటి రెండు పశువులతో బ్రతికే కుటుంబాలు కోట్లలో ఉన్న దేశం అంత సులువుగా మాట ఇవ్వలేదు.

ఇక మేత సంగతి. పీచు ఎక్కువై, అరుగుదల తక్కువైన మేత తింటే లీటరు పాలకు మీథేన్ పెరుగుతుంది. కె.సి. కాలువ కింద వరిగడ్డి, నల్లరేగడిలో జొన్నచొప్ప ఇక్కడి వాములలో కనిపిస్తాయి. వీటికి పచ్చిమేత, పత్తిచెక్క, తవుడు తగుపాళ్లలో చేరిస్తే అదే పశువు ఎక్కువ పాలిస్తుంది. లీటరుకు మీథేన్ తగ్గుతుంది. అలాగని దాణా కుమ్మరిస్తే రూమెన్ పులిసిపోయి పశువు మేత మానుతుంది. బెంగళూరులోని జాతీయ పశుపోషణ సంస్థ టానిన్లు గల మొక్కల పదార్థాలతో ‘హరితధార’ అనే అనుబంధ దాణాను రూపొందించింది. అది మీథేన్‌ను 17 నుండి 20 శాతం తగ్గిస్తుందని 2021లో ప్రకటించారు.

ఏ సమీకరణమైనా మొదట అడిగే ప్రశ్న ఒకటే: పశువు ఎంత తిన్నది? మన ఇళ్లలో పాలను లీటర్లతో కొలుస్తాం, వెన్నను శాతాలలో చూస్తాం, చొప్పను మాత్రం మోపులతో వేస్తాం. మోపు బరువెంతో ఒక్కసారి తూచి చూడండి. పై లెక్క మీ ఇంటి ఎనుముకు కట్టడానికి కావలసినది అంతే.