మందుచీటీ తర్వాత మొదలయ్యే పని



జిల్లా మానసిక ఆరోగ్య బృందంలో సామాజిక కార్యకర్తగా చేరబోయే వ్యక్తి మొదటి రోజు నుంచే గుర్తుంచుకోవలసిన సంగతి ఒకటుంది: మనోవ్యాధి బారిన పడిన యువకుడు కోలుకోవడమంటే లక్షణాలు తగ్గడం మాత్రమే కాదు, ఆగిపోయిన చదువో పనో స్నేహమో తిరిగి మొదలు కావడం కూడా, ఆ రెండోది ఆసుపత్రిలో కాక అతని ఊళ్లో, ఇంట్లో జరుగుతుంది.

జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం 1982లో ఆరంభమైంది. దాన్ని పల్లెలకు చేర్చే పద్ధతిని బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ బళ్లారి జిల్లాలో అమలు చేసి చూశాక, 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం రూపుదిద్దుకుంది. తొలి విడత నాలుగు జిల్లాల్లో మెదక్ ఒకటి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వైద్యుడికీ సిబ్బందికీ వ్యాధి గుర్తులు పట్టుకోవడం నేర్పడం దీని మూలసూత్రం. లక్ష జనాభాకు ఒక మనోవైద్యుడైనా లేని దేశానికి అంతకు మించిన దారి లేదు.

ఉన్నదానికీ లేనిదానికీ మధ్య తేడా మనసుకు తెలియకుండా పోయే స్థితిని సైకోసిస్ అంటారు. ఇది చాలామందిలో కౌమారం చివర్లోనో ఇరవైల్లోనో తలెత్తుతుంది. కుర్రవాడు పగలు పడుకుని రాత్రి మేలుకుంటాడు, కాలేజీ మానేస్తాడు, అన్నంలో ఏదో కలిపారని కంచం తోసేస్తాడు; ఇంటివారు మొదట పొగరనుకుంటారు, తర్వాత గాలి సోకిందని తాయెత్తు కట్టిస్తారు, అలా నెలలు గడిచిపోతాయి. చికిత్స లేకుండా గడిచే ఈ కాలం ఎంత పెరిగితే కోలుకోవడం అంత కష్టమవుతుంది కాబట్టి, దాన్ని తగ్గించడమే కార్యకర్త చేయగల అతిపెద్ద ఉపకారం. తాయెత్తును వెక్కిరించిన కార్యకర్తను ఆ ఇంటివారు మళ్లీ గడప తొక్కనివ్వరు. తాయెత్తు ఉండగానే మాత్ర కూడా మొదలుపెట్టవచ్చని నెమ్మదిగా చెబితే తల్లి వింటుంది.

మందులు మొదలైన తర్వాత ఇంటికి వెళ్లినప్పుడు ఎలా ఉందని అడగడంతో సరిపెట్టుకోకుండా మాత్రల అట్టను చేతిలోకి తీసుకుని చూడడం మంచిది, ఎందుకంటే నెల తిరిగినా సగం మాత్రలు మిగిలి ఉన్నాయంటే మగత, బరువు పెరగడం, ఒళ్లు బిగుసుకుపోవడం వంటి దుష్ప్రభావాలు అతన్ని బాధిస్తూ ఉండవచ్చు. మాత్రలు మానడం మొండితనం కాదు. వైద్యుడితో చెప్పి మోతాదో మందో మార్పించవలసిన విషయం.

గోవా, మహారాష్ట్ర, తమిళనాడుల్లో సైకోసిస్ రకాల్లో ఒకటైన స్కిజోఫ్రేనియా ఉన్న 282 మందిపై జరిగి, 2014లో లాన్సెట్ పత్రికలో వెలువడిన అధ్యయనం, శిక్షణ పొందిన స్థానిక కార్యకర్తల తోడు ఆసుపత్రి వైద్యానికి జత అయితే రోజువారీ జీవితంలోని అశక్తత మరికొంత తగ్గుతుందని చూపింది. ఆ మేలు పరిమితమైనదేనని పరిశోధకులే చెప్పారు గనుక కుటుంబానికి అద్భుతాలు వాగ్దానం చేయకూడదు. వేళకు స్నానం, పాలకేంద్రానికి వెళ్లిరావడం, తండ్రితో పొలానికి నడవడం, ఆ తర్వాతే మిగిలిపోయిన పరీక్ష: ఈ క్రమాన్ని తల్లిదండ్రుల తొందర చెడగొట్టకుండా చూడడం కూడా చికిత్సలో భాగమే.

ఈ దారిలో ఆత్మహత్య ప్రమాదాన్నీ మరవకూడదు. చనిపోవాలన్న ఆలోచన వస్తోందా అని యువకుణ్ని సూటిగా అడిగితే ఆ ఆలోచన పుట్టదు. చాలామందికి చెప్పుకునే అవకాశం దొరుకుతుంది. ఆత్మహత్యకు ప్రయత్నించిన వ్యక్తిని తీవ్ర ఒత్తిడిలో ఉన్నవాడిగానే భావించాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది కనుక, కేసు భయంతో కుటుంబం దాచిపెట్టవలసిన పని లేదు. 2022లో మొదలైన, ఫోన్‌లో మానసిక ఆరోగ్య సహాయం అందించే టెలీ మానస్ సేవ 14416 నంబరులో తెలుగులో కూడా దొరుకుతుంది. అయితే అవునన్న జవాబు వచ్చిన చోట నంబరు రాసిచ్చి వచ్చేయకూడదు. వైద్యుడికి కబురు చేసి, ఆ రాత్రి అతని పక్కన ఎవరుంటారో, పశువుల కొట్టంలోని పురుగుమందు డబ్బాను ఎవరింటికి తరలిస్తారో తేల్చుకున్న తర్వాతే కార్యకర్త ఆ ఇల్లు వదలాలి.