తెర లేని కంప్యూటర్‌లోకి దారి

మన కంప్యూటర్ గదిలో కిటికీ పక్కనున్న మూడో మిషన్ మానిటర్ సంక్రాంతి సెలవుల్లో పాడైపోయింది కదా. అది చూసి నాకు ఏడుపొచ్చినంత పనైంది. మా అవ్వ చెప్పిన కోయ మాటలు 212 దాంట్లోనే ఎక్కించాను. ఇంకో కాపీ లేదు. అవ్వ కూడా ఇప్పుడు లేదు.

సార్‌తో చెబితే, "తెర పోయిందిగానీ మిషన్ బాగానే ఉందిరా. పక్క మిషన్‌లోంచి దాంట్లోకి వెళ్ళొచ్చు. దాని ఐపీ నంబరు తెలుసా?" అన్నారు. దీన్నే రిమోట్ డెస్క్‌టాప్ అంటారు. చూడటం, టైపు చేయటం మన దగ్గర. పని జరిగేది అక్కడ.

నంబరు నా నోట్సులో ఉంది. దసరా ముందు పాఠంలో 192.168.1.7 అని రాసుకున్నా. మొదటి మిషన్ దగ్గర కూర్చుని, విండోస్ మీట, ఆర్ కలిపి నొక్కి, ఎంఎస్‌టీఎస్‌సీ అని కొట్టి ఆ నంబరిచ్చా. కనెక్ట్ కాలేదు.

సార్ నవ్వి, "ముందు నువ్వు కూర్చున్న మిషన్ నంబరు చూడు" అన్నారు. ఎలాగంటే, సీఎండీ తెరిచి ఐపీకాన్ఫిగ్ అని కొట్టాలి. వచ్చిన దాంట్లో ఐపీవీ4 అడ్రస్ అన్న వరుస మనది. డిఫాల్ట్ గేట్‌వే అన్నది రూటర్‌ది, చాలామంది పొరపాటున అదే రాసుకుంటారు. 169.254తో మొదలైతే ఆ మిషన్‌కి రూటర్ నుంచి నంబరు అందలేదన్నమాట, వైరు చూడాలి.

చూస్తే ఏముంది! 192.168.1.7 ఇప్పుడు మొదటి మిషన్‌దే. అంటే నా తలుపు నేనే కొట్టుకుంటున్నా!

కారణం ఇదీ. నంబర్లు పంచేది రూటర్. భోజనాల దగ్గర ఈరోజు మనం కూర్చున్న చోట రేపు ఇంకొకరు కూర్చోవచ్చు. సెలవుల్లో అన్నీ ఆపేశాం, తెరిచాక నంబర్లు మారాయి. పైగా 192.168తో మొదలయ్యేవి లోపలి నంబర్లు. 4వ నంబరు గది ప్రతి హాస్టల్‌లోనూ ఉన్నట్టే, ఇవే నంబర్లు వేరే ఊళ్ళలోనూ ఉంటాయి. 1981 నాటి లెక్క ప్రకారం మొత్తం నంబర్లు సుమారు 430 కోట్లే, అందరికీ చాలవు మరి.

తెర లేని మిషన్‌లో ఐపీకాన్ఫిగ్ కొట్టినా చూడలేం. కానీ నంబరు మారినా పేరు మారదు. మూడో మిషన్ పేరు ల్యాబ్3 అని దానిమీద చీటీ ఉంది. మొదటి మిషన్‌లో పింగ్ అని కొట్టి, ఖాళీ వదిలి, మైనస్ 4, మళ్ళీ ఖాళీ, ఆ పేరు. వెంటనే 192.168.1.12 అని చూపించింది! (పేరు దొరక్కపోతే రూటర్ పేజీలో జాబితా ఉంటుంది, అది సార్‌నే అడగాలి.)

ఆ నంబరిచ్చి, పాస్‌వర్డ్ కొట్టగానే మూడో మిషన్ తెర నా ముందుకొచ్చింది. సార్ ముందే దాంట్లో రిమోట్ డెస్క్‌టాప్ ఆన్ చేసి ఉంచారు కాబట్టి సరిపోయింది. అది విండోస్ ప్రో రకం కూడా. హోమ్ రకమైతే లోపలికి రానివ్వదు. పాస్‌వర్డ్ పెట్టని ఖాతానీ మామూలుగా రానివ్వదు. నంబరు గోడమీద రాశానుగానీ పాస్‌వర్డ్ రాయను, అడక్కండి.

212 మాటలూ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకున్నా. ఒకటి సార్ దగ్గర, ఒకటి నా దగ్గర.

వార్డెన్ సార్‌కి ఒక మనవి. గది ఊడ్చేటప్పుడు మూడో మిషన్ మీది చీటీ పీకేయొద్దని చెప్పండి సార్. దానికింకా మానిటర్ రాలేదు.

– 9వ తరగతి విద్యార్థి