ఒక్క నీలంతో బొమ్మ

ప్రశ్న: ముందు గది గోడ మీద ఒక్క నీలంతోనే పెద్ద బొమ్మ వేస్తే చప్పగా ఉంటుందా?
– ఒక పాఠకురాలు, సబ్బవరం

జవాబు: ఒకే వర్ణంతో వేసే బొమ్మకు ప్రాణం వెలుగునీడల తేడాలో ఉంటుంది. చిత్రకారుడు ఆల్బర్ట్ మన్సెల్ 1905లో రంగును మూడు గుణాలుగా విడదీశాడు: వర్ణం, వెలుగు, గాఢత. మొదటిదాన్ని కదపకుండా మిగతా రెండింటినీ మార్చడమే ఏకవర్ణ పద్ధతి. పికాసో 1901–1904 మధ్య చాలా చిత్రాలను దాదాపు నీలంతోనే నడిపాడు.

నీలం ఇందుకు ఎంతో అనువైన రంగు. తెలుపు కలిపినా, నలుపు కలిపినా నీలంగానే మిగులుతుంది. పసుపుకు ఆ వీలు లేదు. నలుపు తగలగానే ఆకుపచ్చ వైపు తిరుగుతుంది.

మీ అనకాపల్లి జిల్లాలోనే ఉన్న ఏటికొప్పాక లక్క బొమ్మలను ఒకసారి దగ్గరగా చూడడం మంచిది. లేత్ మిషన్ మీద తిరుగుతున్న అంకుడు కర్రకు రంగు లక్కను ఒత్తితే, రాపిడి వేడికి కరిగి అంటుకుంటుంది. ఆ నున్నటి వంపు మీద పూసిన ఒకే రంగు వెలుతురు పడ్డచోట మెరుస్తుంది, పక్కకు తిరిగేకొద్దీ ముదురుగా కనిపిస్తుంది. గోడ చదును కాబట్టి ఆ తేడా మొత్తం కుంచెతోనే రావాలి.

అందుకు ముదురు, మధ్యస్థం, లేత ఛాయలను ముందే కలిపి పెట్టుకోవాలి. ముదురును కొద్ది చోట్లకే పరిమితం చేస్తే చూపు అక్కడ నిలుస్తుంది. సగం పనయ్యాక ఫోన్‌లో నలుపు తెలుపు ఫొటో తీస్తే ఏ ఛాయలు కలిసిపోయాయో తెలుస్తుంది. పసుపు బల్బు వెలుతురులో నీలం మందగిస్తుంది గనుక, ఛాయలను గదిలోని దీపం కిందే ఖాయం చేసుకోవాలి.