చంద్రునిచే చేయించుకొన్న పనులు

1868వ సంవత్సరము ఆగష్టు 18వ తేదీన సంపూర్ణ సూర్యగ్రహణమును పరిశీలించుటకు మద్రాసు ప్రభుత్వ జ్యోతిశ్శాస్త్రజ్ఞుడగు పోగ్సన్ దొర మన బందరునకు వచ్చెను. చంద్రుడు సూర్యబింబమును మరుగుపరచగా, అంచున లేచిన జ్వాలల కాంతిని ఆయన వర్ణపటదర్శినితో పరీక్షించెను. ఆనాడు చంద్రుడు తెరయయ్యెను. ఈ సంగతి తరగతిలో చెప్పగా దివిసీమ బాలుడొకడు, “చంద్రునితో ఇంకేమి పని చేయించిరి, మాస్టారూ?” అని మమ్మడిగెను.

ఉదకమండలమున 1970లో నెలకొల్పిన రేడియో దూరదర్శిని 530 మీటర్ల పొడవు గలది. దూరపు రేడియో మూలములను చంద్రుని అంచు కప్పివేయు తీరును గమనించి, దానితో వాని పరిమాణమును కొలిచిరి. అచ్చట చంద్రుడు కొలబద్ద.

మూడవ పని మిక్కిలి వింతయైనది. అంతరిక్షమునుండి విశ్వకిరణములను సూక్ష్మ కణములు ఎల్లప్పుడు భూమిపై బడుచున్నవి. వానిలో అత్యంత శక్తిగలవి బహు అరుదు. గుడివాడ ప్రక్కన చదరపు కిలోమీటరు వరిచేనియందు నూరేండ్లు కాచుకొన్నను ఒక్కటి పడునో పడదో! అందుకు పెద్ద వల కావలెను. మనకు కన్పడు చంద్రభాగము సుమారు 1,90,00,000 చదరపు కిలోమీటర్లు.

అట్టి కణము దట్టమైన పదార్థమును జొచ్చినచో అసంఖ్యాకములగు చిన్న కణముల జల్లు పుట్టును. ఆ జల్లు దారిలోని అణువులనుండి ఎలక్ట్రానులను లాగికొని ఋణవిద్యుత్తును హెచ్చించుకొనును. ఆ పదార్థములో కాంతి పోవు వేగమును మించి పరుగిడుటచే అందుండి క్షణికమగు రేడియో తరంగము వెడలును. 1962లో సోవియట్ శాస్త్రజ్ఞుడు అస్కర్యాన్ దీనిని ఊహించెను. అమెరికాలోని స్టాన్‌ఫర్డునందు టన్నులకొలది ఇసుకలోనికి కిరణములను పంపి, ఆ ఊహ నిజమేయని 2001లో ప్రకటించిరి. చంద్రునిపైనున్న ధూళియు ఇసుకవంటిదే గదా!

అంతకు పూర్వమే, 1995లో, ఆస్ట్రేలియాయందలి పార్క్స్‌లో 64 మీటర్ల దూరదర్శినిని చంద్రునివైపు త్రిప్పి, న్యూట్రినోలను కణముల జాడకై సుమారు పది గంటలు కనిపెట్టిరి. చిక్కేమనగా, పొలములో పంపు మోటారు వేసినంతనే మన రేడియో చిటపటలాడును. అట్టి సద్దులను చంద్రుని తరంగమని భ్రమపడరాదు. చంద్రునినుండి వచ్చునది భూమిని గప్పియున్న అయనావరణమును దాటి రావలెను. అందు తక్కువ పౌనఃపున్యము గల భాగము కొంచెము వెనుకబడును. మోటారు సద్దునకు ఆ ఆలస్యముండదు.

వారికి నిజమైన తరంగమొక్కటియు దొరకలేదు. తరువాత వెదకినవారికిని ఇంతవరకు దొరకలేదు. అయినను అట్టి కణములు ఎంతకు మించి యుండజాలవో ఒక హద్దు తేలెను. ప్రయోగ పుస్తకములో వచ్చిన అంకెను చెరిపి, రావలసిన అంకెను వ్రాయువారు మా తరగతిలోను కొందరు గలరు. వారికై ఈ మాట విడచిపెట్టక చెప్పితిమి.

“దొరకలేదనియే అచ్చు వేయించిరా, మాస్టారూ?” అని ఆ బాలుడు మరల అడిగెను. వేయించిరి, 1996లో.