చెరువు అంచు నుంచి సముద్రగడ్డి పనికి

చింతామణి తాలూకా మురుగమల్ల చుట్టుపక్కల ఊళ్ళలో బీఎస్సీ చదివిన పిల్లలకు ఇంట్లో చెప్పే దారులు రెండే. బీఈడీ చేసి టీచరు కావాలి, లేకపోతే బెంగళూరు బస్సెక్కి ఏదో ఒక కంపెనీలో చేరాలి. మూడో దారి ఒకటుంది: తీరాల్లో నశించిపోతున్న సముద్రగడ్డిని మళ్ళీ బతికించే పని. సముద్రమే లేని జిల్లావాళ్ళకు అదెందుకని కొట్టిపారేయకండి. ఆ పనికి కావలసిన చూపు చెరువు కింద సేద్యం చేసే ఇళ్ళలో ముందే ఉంటుంది. దాన్ని ఉద్యోగానికి పనికొచ్చేలా మలచుకోవడమే మిగిలింది.

సముద్రగడ్డి నాచు కాదు. దానికి వేరుంది, పువ్వుంది, గింజ ఉంది. ప్రపంచం మొత్తం మీద 70కి పైగా జాతులున్నాయి. కొన్ని పోటుకు మునిగి పాటుకు బయటపడే బురదనేలల మీద పెరుగుతాయి, మిగతావి ఎప్పుడూ నీళ్ళుండే చోట. వేళ్ళు బురదను కదలకుండా పట్టి ఉంచుతాయి. ఆకుల మధ్య రొయ్యపిల్లలు, చేపపిల్లలు దాక్కుని ఎదుగుతాయి. మన దేశంలో పాక్ బే, మన్నార్ సింధుశాఖ, లక్షద్వీప్, అండమాన్ దీనికి పెద్ద నెలవులు. చిలికలోనూ, మన తెలుగువాళ్ళ పులికాట్ సరస్సులోనూ ఉంది. దీన్నే మేసి బతికే డుగాంగ్ అనే సముద్రపు ఆవు కోసం తమిళనాడు ప్రభుత్వం 2022 సెప్టెంబరులో పాక్ బేలో 448 చదరపు కిలోమీటర్లను రక్షిత ప్రాంతంగా ప్రకటించింది.

ఈ రంగంలోకి వచ్చేవాళ్ళు అన్నిటికన్నా ముందు నేర్చుకోవలసింది నాటడం కాదు, గడ్డి ఎందుకు పోయిందో కనిపెట్టడం. ప్రపంచవ్యాప్తంగా 1,786 సముద్రగడ్డి నాట్లను పరిశీలించి 2016లో ఒక పరిశోధన వెలువడింది. వాటిలో బతికినవి సగటున నూటికి 37. గడ్డిని చంపిన కారణం అలాగే ఉండగా నాటితే ఆ కొత్త మొక్కలకూ అదే గతి పడుతుంది. అమెరికాలోని వర్జీనియా తీరంలో ఫలితం వేరుగా వచ్చింది. అక్కడి గడ్డి తెగులు వల్ల, 1933 తుపాను వల్ల పూర్తిగా పోయింది. నీళ్ళు మాత్రం తేటగానే ఉన్నాయి, గింజ ఒక్కటే కరువు. ఇరవై ఏళ్ళలో 7 కోట్లకు పైగా గింజలు చల్లారు. దాదాపు 200 హెక్టార్లలో చల్లినది తనంతట తానే పాకి 3,600 హెక్టార్లు దాటింది. లక్షద్వీప్‌లోని అగత్తిలో సమస్య మరొకటి. పచ్చ తాబేళ్ళు గుంపులుగా చేరి గడ్డిని మొదలంటా మేసేశాయి. అలాంటిచోట నాట్లు వేస్తే తాబేళ్ళకు మేత పెట్టినట్టే. ట్రాలర్ వలలు దున్నేసే చోట, కాలువల మురుగు చేరే చోట కారణం మళ్ళీ వేరు.

మురుగు సంగతి మన తాలూకాలోనే కళ్ళారా చూడవచ్చు. బెంగళూరు మురుగునీటిని శుద్ధి చేసి రోజుకు 44 కోట్ల లీటర్ల చొప్పున కోలారు జిల్లా చెరువులకూ, చింతామణి తాలూకాలోని కొన్ని చెరువులకూ ఇవ్వడానికి కేసీ వ్యాలీ పథకం పెట్టారు. 2018లో నీళ్ళు వదిలారు. శుద్ధి రెండు దశలతోనే ఆగింది, మూడో దశ కావాలని రైతులు ఇంకా అడుగుతున్నారు. నీళ్ళలో నత్రజని, ఫాస్ఫరస్ పెరిగితే చెరువులో గుర్రపుడెక్క, పచ్చటి పాచి కమ్ముకుంటాయి. సముద్రంలో ఆ పాచి గడ్డి ఆకుల మీద పేరుకుని ఎండ తగలనివ్వదు, ఎండ లేక గడ్డి చస్తుంది. చెరువు నీళ్ళ రంగు మారిన రోజు, పాచి కట్టిన రోజు, చేపలు తేలిన రోజు తేదీతో సహా రాసుకునే అలవాటు చేసుకుంటే సగం శిక్షణ ఊళ్ళోనే పూర్తయినట్టు.

మిగతా సగానికి పీవీసీ పైపుతో అర మీటరు భుజాలున్న చతురస్రం ఒకటి చేయించండి. 1998లో ఆస్ట్రేలియాలో మొదలైన సీగ్రాస్ వాచ్ పద్ధతిలో 50 మీటర్ల తాళ్ళు మూడింటిని 25 మీటర్ల ఎడంలో పరుస్తారు. తాడు వెంట ప్రతి 5 మీటర్లకూ చతురస్రం పెట్టి, లోపల నేలను ఎంత గడ్డి కప్పిందో, అందులో ఏ జాతి ఎంతో రాస్తారు. మొత్తం 33 చోట్ల. వేసవిలో చెరువు నీళ్ళు తగ్గినప్పుడు బయటపడే నేల మీద ఇదే చేయండి. తుంగ ఎంత, గరిక ఎంత, తూటికాడ ఎంత, ఉత్త బురద ఎంత? ఇద్దరు విడివిడిగా అంచనా వేసి పోల్చుకోండి. మొదట్లో అంకెలు కలవవు. కలిసేదాకా చేయాలి, ఎందుకంటే తీరంలో మీ అంకెను నమ్మే లక్షలు ఖర్చుపెడతారు. నీళ్ళు ఇంకిపోతున్న రోజుల్లో పదిహేను రోజులకోసారి అదే చోట కొలిచి, ఫొటోలు తీసి, ఎక్సెల్‌లో ఎక్కించి, క్యూజీఐఎస్‌లో పటం గీసి రెండు పేజీలు రాయండి. నా దృష్టిలో మార్కుల జాబితా కన్నా ఆ రెండు పేజీలకే విలువ ఎక్కువ.

ఆటుపోట్ల మధ్య పెరిగే గడ్డికి డైవింగ్ కన్నా బురదలో నడకే ఎక్కువ. పాటు వేళ రోజూ దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది కాబట్టి పని గంటలు కూడా జరుగుతుంటాయి. ఒక్కోసారి తెల్లవారుజామునే దిగాలి. అయినా ఈత రాకుండా ఈ పనికి వెళ్ళకండి. పాక్ బేలో వెదురు చట్రాలకు కొబ్బరితాళ్ళు అల్లి, వాటికి గడ్డి మొలకలు కట్టి బురదలో దించారు. రాగి నారు నాటిన చేతులకు అది కొత్తగా అనిపించదు.

చదువు కొనసాగిస్తే పరంగిపేట్టైలో అన్నామలై విశ్వవిద్యాలయం, విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయం, మన కర్ణాటకలోనే కార్వార్ సముద్ర జీవశాస్త్ర విభాగం ఉన్నాయి. ఫీల్డ్ పనులకు చెన్నైలోని జాతీయ సుస్థిర తీర నిర్వహణ కేంద్రం, తూత్తుకుడిలోని సుగంధి దేవదాసన్ సంస్థ, లక్షద్వీప్‌లో పనిచేసే మైసూరు నేచర్ కన్జర్వేషన్ ఫౌండేషన్ వెబ్‌సైట్లు చూస్తుండండి. నెట్ రాసి జేఆర్‌ఎఫ్ తెచ్చుకుంటే 2023 నుంచి నెలకు 37,000 రూపాయలు. ప్రాజెక్టు ఉద్యోగాలు ఎక్కువగా ఏడాదికోసారి పొడిగించేవే, కాబట్టి అప్పుల మీద ఇల్లు నడుస్తుంటే ముందు ఇంట్లో మాట్లాడుకోండి. మన ప్రాంతం పిల్లలకు తెలుగు, కన్నడ, దక్నీ ఉర్దూ పుట్టుకతో వస్తాయి. దరఖాస్తులో ఆ సంగతి తప్పక రాయండి. పాక్ బే అయితే తమిళం కూడా నేర్చుకోవాలి. జాలర్లతో మాట్లాడలేనివాడికి వల ఎక్కడ లాగుతున్నారో ఎవరూ చెప్పరు.

ఇంటర్వ్యూలో మీరూ అడగండి. పడవలో లైఫ్ జాకెట్ ఇస్తారా, బీమా ఉందా, ఆడపిల్లలకు బస ఎక్కడ, నాటిన తరువాత ఎన్నేళ్ళు కొలుస్తారు? నాట్లు అయిపోగానే కొలతలు ఆపేసే ప్రాజెక్టులో చేరితే మీరు నాటింది బతికిందో లేదో మీకు తెలియదు, మరుసటి ఉద్యోగానికి చూపించడానికీ ఏమీ మిగలదు. రెండు అవకాశాలు చేతిలో ఉంటే జీతం కాస్త తక్కువైనా మూడేళ్ళు కొలిచేదాంట్లోనే చేరండి.