పుంజు లేని పెరడు

మా మేనత్త గోదావరి తీరమున నొక పల్లెలో నివసించుచుండెను. ఎత్తయిన దడి గల ఆమె పెరటిలో ఆరు పెట్టలును, నెమలి వన్నె పుంజు నొకటియు నుండెడివి. పరుల పుంజులకు లోన ప్రవేశము లేదు. ఒక యేడు భోగికి ముందు బేరగాడొకడు వచ్చి ఆ పుంజునకు మంచి వెల చెప్పెను. కోడిపందెములు 1960 నాటి జంతుహింసా నివారణ చట్టముచే నిషిద్ధములు. అయినను వాడు దానిని కొనుట పందెమునకే యని ఎల్లరకును తెలియును. అత్త కొంత తటపటాయించి, "గ్రుడ్లు పెట్టునవి పెట్టలు గదా, పుంజుతో నేమి పని?" అని అమ్మివేసెను.

ఆమె మాట సగము నిజమే. పుంజు ఉన్నను లేకున్నను పెట్ట గ్రుడ్డు పెట్టును. అంగళ్ళలోని గ్రుడ్లలో అధికభాగము పుంజు మొగమెరుగని పెట్టలు పెట్టినవే. వానిలో బలమునకు లోపము లేదు గాని, ఎంత పొదిగించినను పిల్లలు రావు.

పుంజు పోయిన తరువాతి వారమున పెట్టిన 11 గ్రుడ్లను అత్త పొదుగ వేసెను. 21వ దినమున 9 పిల్లలు బయలువెడలెను. "చూచితివా, పుంజు లేకున్నను పిల్లలు వచ్చినవి!" అని ఆమె నాతో ననెను. నేనును నమ్మితిని.

ఫాల్గుణమున మరియొక పెట్ట పొదుగునకు వచ్చెను. ఈమారు 13 గ్రుడ్లు. ఆ పిల్లలను పెంచి యమ్మి కుమారునకు బడిపుస్తకములు కొనవలెనని ఆమె తలంపు. పెట్ట మేతకైనను సరిగా లేవక, చిక్కి సగమై, 21 దినములు కూర్చుండెను. మరి రెండు దినములు గడచెను. ఒక్క గ్రుడ్డును చిట్లలేదు. అత్త యొకదానిని పగులగొట్టెను. దుర్వాసన లేదు, పిల్ల జాడయు లేదు. పలుచబడిన సొన మాత్రముండెను.

మొదటివి ఫలించి రెండవవి ఫలింపకుండుటకు కారణమిది. పుంజు బీజకణములు పెట్ట అండవాహికలోని సన్నని గొట్టములలో నిలువ యుండును. పచ్చసొన విడుదలైనప్పుడెల్ల, దానిపై తెల్లసొనయు పెంకును ఏర్పడకముందే, అవి దానిని ఫలవంతము చేయును. ఈ నిలువ రెండు వారములు, ఒక్కొక్కప్పుడు మూడు వారములు నిలుచును, నానాటికి తరుగుచుండును. అత్త మొదట పొదిగించినది పోయిన పుంజు సంతతియే!

ఏడవ నాటి రాత్రి చీకటి గదిలో గ్రుడ్డును దీపమునకు అడ్డముగా పట్టి చూచినచో సంగతి తెలియును. ఎర్రని నరములు సాలెపురుగు కాళ్ళవలె వ్యాపించియున్న యెడల పిల్ల పెరుగుచున్నది. లోపల తేటగా వెలిగినచో ఆ గ్రుడ్డు వట్టిది. అత్త అట్లు చూచియున్నచో ఆ పెట్టకు రెండు వారముల ఉపవాసము తప్పెడిది.

హైదరాబాదు పరిశోధనాలయమున రూపొందిన వనరాజా కోళ్ళను కొనుమని పొరుగువారు చెప్పిరి. అవి త్వరగా బరువెక్కును. కాని పొదుగు గుణము వానికి బహు స్వల్పము, తల్లి గుణములు పిల్లలకు యథాతథముగా రావు. అత్త పొరుగూరి చుట్టములకు పెట్టనిచ్చి యొక పడుచు పుంజును తెచ్చుకొనెను. సొంత పెరటి పుంజుపిల్లనే తరతరములుగా నుంచినచో రక్తము దగ్గరై పొదిగిన గ్రుడ్లలో నష్టము పెరుగును. కావున ఇది మేలైన పని. ఎనిమిది పది పెట్టలకు ఒక్క పుంజు చాలును. పుంజు వచ్చిన తొలి వారపు గ్రుడ్లను ఆమె వంటకే వాడి, పిమ్మటివానిని పొదుగునకు దాచెను.

మరుసటి సంక్రాంతికి బేరగాడు మరల వచ్చెను. "పెట్టల నడుగుము నాయనా, ఇచ్చెదను, పుంజు మాట ఎత్తకుము" అని అత్త దడి తలుపు వేసెను.